మేడంగారు పట్టిన తెడ్డుకాళ్ళ జీవి

మా జువాలజీ మేడంగారు పోయారని నిన్న పొద్దున్న తెనాలి నుంచి ఫోనొచ్చింది. ఏడుపొచ్చింది. వెంటనే ఆవిడ నవ్వు గుర్తొచ్చి, కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేశాను. గెలిచిన మనిషిని తలుచుకుంటే అంతేనేమో!

అరవైల చివర్లో తెనాలి కాలేజీలో ఆవిడ దగ్గర చదువుకున్నాను. సుద్దపొడి అంటిన చేతులతోనే కాఫీ తాగేవారు. "కంటికి ఆననంత మాత్రాన లేనట్టు కాదర్రా" అనేవారు. ఆవిడ ప్రాణమంతా చెరువు నీళ్ళలో తేలే నలుసంత జీవి మీద. రొయ్యకి మరీ చిన్న చుట్టం. తెడ్లలాంటి కాళ్ళతో ఈదుతుంది. మా రేపల్లె చెరువులో ఉన్నది ఇంతవరకూ ఎవరూ గుర్తించని జాతి అని ఆవిడ నమ్మకం.

ఈ జీవుల సంగతి బాగా తెలిసిన పెద్దాయన ఒకరు బాపట్లలో ఉండేవారు. ఇద్దరం సీసాలో పట్టుకెళ్ళి చూపిస్తే ఆయన ఒప్పుకోలేదు.

"అన్నీ ఆడవే తెచ్చావేంటమ్మా? మగదాని చివరి కాలు చూస్తేగాని జాతి తేలదు. నాకైతే మా బాపట్ల చెరువుల్లో ఉండేదే అనిపిస్తోంది."

మేడంగారి ముఖం ఎర్రబడింది. "మగదాన్నే తెస్తానండి" అని లేచొచ్చేశారు.

తేవడమంటే మాటలా! పొద్దుటి క్లాసులయ్యాక రైలెక్కి, మిట్టమధ్యాహ్నం వల లాగితే ఒకటీ అరా పడేవి, అవీ ఆడవే. ఎండలు ముదిరి చెరువు అడుగంటుతోంది. ఎండిపోతే ఆ ఏటికి ఆశ లేనట్టే.

ఒకరోజు మా ఇంట్లో భోంచేస్తూ, బిందె మూతికి కట్టిన పాత పంచెగుడ్డ వైపు చూశారు. తాగడానికి తెచ్చిన చెరువునీళ్ళు అమ్మ దాంతోనే వడకట్టేది. తడిగుడ్డ మీద నారింజరంగు నలుసులు.

"ఈ నీళ్ళెప్పుడు తెచ్చారండీ?"

"తెల్లారకముందేనండి. ఎండెక్కితే గేదెలు దిగి కలిపేస్తాయిగా" అంది అమ్మ.

మేడంగారు ఎడంచేత్తో నుదురు కొట్టుకున్నారు. "ఎంత బుర్రతక్కువదాన్నర్రా! వెలుగొస్తే అవి అడుక్కి పోతాయని పాఠం చెప్పేదీ నేనే, మధ్యాహ్నం వల వేసేదీ నేనే!"

ఆ పూట మా ఇంట్లోనే ఉండిపోయి, తెల్లవారుజామున కుచ్చెళ్ళు దోపుకుని చెరువులోకి దిగారు. నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళంతా బిందెలు దించి చూస్తుండగా వలలోకి కుప్పలుగా పడ్డాయి. భూతద్దంలో చూస్తే మగవీ ఉన్నాయి. అటునుంచటే ఇద్దరం బస్సులో బాపట్ల. పెద్దాయన మైక్రోస్కోపులోంచి ఎంతకీ కన్ను తియ్యలేదు. తీశాక కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"కొత్తదేనమ్మా! ఇలాంటి కాలు నేనెక్కడా చూళ్ళేదు. ఓడిపోయాను. ఏం పేరు పెడతావ్?"

"దానికి ఊరుంది కదండి" అన్నారావిడ. రేపల్లె పేరే పెట్టారు. మా ఊరికి అంతకంటే గొప్ప సన్మానం నాకు తెలియదు.

తిరుగు రైల్లో ఇంకా బతికున్నవాటి సీసా ఆవిడ ఒళ్ళో ఉంది. టిక్కెట్లు చూసేవాడు అడిగాడు, "ఏంటమ్మా ఆ సీసాలో?"

"రేపల్లె వాళ్ళండి. వీళ్ళక్కూడా టిక్కెట్టు కొట్టాలా?"

పెట్టెంతా నవ్వింది. నిడుబ్రోలు దాటాక సీసాని కిటికీ దగ్గరికెత్తారు. సాయంత్రపు ఎండలో ఆ నలుసులన్నీ ఎగిరెగిరి దూకుతున్నాయి. తెనాలి వచ్చేదాకా ఆవిడ చెయ్యి దించలేదు.