బస్తాకి ఎన్ని కేజీలు

మా బావ స్ప్రింగు కాటా కొక్కెంతో నా మూతి మీద కొట్టినప్పుడు ముందుపన్ను సగానికి విరిగి నాలిక కిందకి జారింది. రక్తంతో కలిపి ఉమ్మేశాను. మిగిలిన సగానికి తొడుగు వేయించుకుని నాలుగేళ్లయింది. చల్లటి నీళ్లు తాగినప్పుడల్లా ఇప్పటికీ జివ్వుమంటుంది. దీనంతటికీ మూలం గ్రాములు, కేజీలు. ఇంకేమీ కాదు.

బావంటే మా అక్క భర్త. కూచిపూడి అవతల ముప్పై ఏళ్లు వరి పండించి, ఆ ఏడే మొదటిసారి రెండెకరాలు చెరువు తవ్వించి రొయ్యలు వేశాడు. వాటికి జబ్బు తగిలిందని కబురొస్తే, ఆటోనగర్‌లో స్పేర్‌పార్ట్స్ షాపులో పనిచేసే నేను సెలవు పెట్టి, గవర్నర్‌పేటలో తిరిగి మందు కొన్నాను. కేజీ మేతకి ఐదు గ్రాములని షాపాయన చెప్పింది డబ్బా మీద పెన్నుతో రాశాను. ఇచ్చేటప్పుడు నోటితో కూడా చెప్పాను.

బావకి కేజీల్లో చెబితే తలకెక్కదు, బస్తా లెక్కలో చెప్పమన్నాడు. బస్తా బరువు చూసుకుని ఐదుతో గుణించుకోమన్నాను. ఆయన చూడలేదు. మా వైపు రైతుకి బస్తా అంటే ధాన్యం బస్తా, డెబ్బై ఐదు కేజీలు. ఎకరానికి ఇన్ని బస్తాలంటే, బస్తా ఎంతని ఎవరూ తిరిగి అడగరు. అలవాటు ప్రకారం డెబ్బై ఐదుని ఐదుతో గుణించి, మూడు వందల డెబ్బై ఐదు గ్రాములు తూచి మేత బస్తాలో కలిపాడు. మేత బస్తా పాతిక కేజీలే. పడాల్సింది నూట పాతిక గ్రాములు.

మూడు రోజులు అలాగే వేశాడు. నాలుగో రోజు పొద్దున్నే అక్క ఫోన్ చేస్తే వెళ్లాను. గట్టు పొడుగునా రొయ్యలు ఎర్రబడి తేలాయి. కొన ఊపిరితో ఒడ్డున పొర్లుతున్నవాటిని కాకులు బతికుండగానే చీలుస్తున్నాయి. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడికి ఇంకా పన్నెండు రోజులే ఉంది.

బావ మందు డబ్బా నా ఛాతీ మీదకి విసిరాడు. విషం తెచ్చిచ్చానన్నాడు. నేను డబ్బా తిప్పి రాసింది చూపించి, బస్తాకి ఎంత వేశారని అడిగాను. చెప్పాడు. మేత బస్తా ఎన్ని కేజీలని అడిగాను.

"బస్తా బస్తాయే కదరా. నట్లు అమ్ముకునేవాడివి, నాకు బస్తా లెక్క నేర్పుతావా?"

గట్టు మీద పడి ఉన్న ఖాళీ సంచి తీసి, దాని మీద అచ్చేసిన అంకెని ఆయన ముక్కు ముందు పెట్టాను. చూశాడు. పెదాలు కదిలించి చదివాడు. అప్పుడు కొట్టాడు. తప్పు తెలియక కొట్టలేదు, తెలిశాకే కొట్టాడు. నేను మర్చిపోలేనిది అదే.

మెడ పట్టుకుని ఆయనతో సహా చెరువులో పడ్డాను. తల నీళ్లలోకి తొక్కిపట్టాను. చచ్చిన రొయ్యల ముళ్లు నా ముంజేతుల్లో దిగాయి. నా చొక్కా పట్టుకున్న ఆయన వేళ్లు కాసేపటికి వదులయ్యాయి. అక్క నా జుట్టు పట్టి వెనక్కి ఈడ్చకపోతే వదిలేవాణ్ని కాదు. గొప్పకి చెప్పడం లేదు.

సాయంత్రం అక్కావాళ్ల వరండాలో ఊరి పెద్దమనుషులు కూర్చుని, చిన్నవాణ్ని కాబట్టి తప్పు నాదేనని చెప్పి గొడవ ముగించమన్నారు. బావ మెడ మీద నా వేళ్ల గుర్తులు నల్లగా లేచాయి. ఆయన నా వైపు చూడలేదు. అక్క నన్ను పక్కకి పిలిచింది.

"మందు లెక్క నువ్వే తప్పు చెప్పావనెయ్ తమ్ముడూ. ఊళ్లో ఆయన తలెత్తుకు తిరుగుతారు. నీదేం పోద్ది?"

మూతికి కట్టుకున్న గుడ్డ తీసి నోరు చూపించాను.

"నేను చెప్పింది ఐదు గ్రాములక్కా. అందులో తప్పుంటే ఇప్పుడే ఒప్పుకుంటా."

"అయితే మా గడప తొక్కకు" అంది.

తొక్కలేదు. బావ మళ్లీ రొయ్యలు వేశాడని ఈమధ్య తెలిసింది. మందు కలపబోయే ముందు సంచి మీద కేజీలు చూసి, అక్క చేత రెండుసార్లు తూయిస్తున్నాడట. అంటే ఆయనకి తెలుసు. తెలుసన్న ఆ ముక్క నా ఎదురుగా నిలబడి, ఆ పెద్దమనుషులు వినేలా అననీ. అప్పుడు వెళ్తాను.