వాకిట్లో నాటు

ఇంగ్లీషువాళ్లకు నడవడం తప్ప వేరే పనేమీ లేదా అని నాకు అప్పుడప్పుడు ఒళ్లు మండుతుంది. కాళ్లీడ్చుకుంటూ పోతే ఒక మాట, కుంటితే ఒక మాట, చప్పుడు కాకుండా మునివేళ్ల మీద పోతే మరో మాట. షఫుల్, లింప్, టిప్టో, స్టాగర్, స్ట్రోల్. ఎనిమిదో తరగతికి ఇవన్నీ చెప్పాల్సిన ఖర్మ నాది. అర్థాలు బోర్డు మీద రాస్తే పిల్లలు బట్టీ కొట్టి మర్నాటికి మర్చిపోతారు. నడిచి చూపిస్తే మాత్రం మర్చిపోరు. అందుకని బళ్లు తెరిచిన కొత్తలో, సాయంత్రం పూట ఇంటి వాకిట్లో నేనే ఆ నడకలన్నీ నడిచి చూసుకునేదాన్ని.

ఆ వాకిట్లోనే మంచం మీద మా అత్త ఉండేది. ఎండాకాలం మొదట్లో మిరప చేలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఖమ్మం దవాఖానాలో ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఎముక అతికింది, ఇక నడిపించండి, లేకపోతే మనిషి మంచానికే అతుక్కుపోతుంది అని డాక్టర్ చెప్పాడు. నడక నేర్పడానికి తల్లాడ నుంచి ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చేది. వాకర్ ముందు పెట్టి ఎంత బతిమాలినా మా అత్త అడుగు వేసేది కాదు. ముందున్న నేల చూస్తే చాలు, మళ్లీ జారిపోతున్నట్టే ఉందని వణికేది.

ఆమె మామూలు మనిషైతే ఇంత దిగులు పడేదాన్ని కాదు. మా ఊరి నాట్ల ముఠాకు పెద్ద ఆమె. చెరువు కింది పొలాల నుంచి అడవి అంచు మడుల దాకా, ఆమె కేకతో ఆడవాళ్లంతా నడుం వంచేవాళ్లు, ఆమె కేకతోనే ఎత్తేవాళ్లు. అటువంటి గొంతు మంచినీళ్లు కావాలని అడగడానికి కూడా లేవడం మానేసింది. నారు పోసే రోజులు దగ్గర పడుతున్నాయి. ఈ వానకాలం పొలం గట్టు చేరకపోతే ఇక ఎప్పటికీ లేవదని నాకు భయం పట్టుకుంది. ఆమెకూ అదే భయం, పైకి చెప్పేది కాదు.

నా నడకలు చూసి మాత్రం నవ్వేది. నేను తూలుతూ నడిస్తే, కల్లు తాగొచ్చిన రోజు మీ మామ నీకన్నా నయం అనేది. స్ట్రోల్ అంటే పనీపాటా లేకుండా హాయిగా నడవడమని చెబితే అసలు నమ్మలేదు. అట్లాంటి నడకకు ఒక మాట కూడానా, పని దొరకనోళ్లు పెట్టుకున్నదై ఉంటుందని తేల్చేసింది.

ఒకరోజు సరదాకు, నాట్లేసే నడక ఇదిగో అంటూ నడుం వంచి, చేతిలో నారు ఉన్నట్టు గుచ్చుకుంటూ నాలుగడుగులు ముందుకు పోయాను. నేను పుట్టింది ఇల్లందులో. బొగ్గు ఊరి పిల్లను, మడిలో కాలు పెట్టిందెప్పుడు? మా అత్తకు కోపం నషాళానికి అంటింది.

"గదేం నాటే పిల్లా? ముంగటికి పోతే ఏసిన నారంతా నీ కాళ్ల కిందనే సచ్చిపోతది. గట్టు తగిలేదాక ఎనక్కే నడవాలె. ఇటు రా, చెయ్యియ్యి."

రెండు చేతులూ ఇచ్చాను. పట్టుకుని లేచింది. మంచానికి వీపు ఆనకుండా పక్కకు జరిగి, వెనక్కి ఒక అడుగు వేసింది. మడిలోంచి బురద కాలు లాగినట్టు మెల్లగా ఎత్తి, ఇంకొకటి. నేను ఊపిరి బిగబట్టాను. నోరు తెరిస్తే ఆమెకు తాను నడుస్తున్న సంగతి ఎక్కడ గుర్తొస్తుందోనని. గొడ్లకు మేత వేసి వస్తున్న మా ఆయన చూసి, చప్పుడు చెయ్యకుండా వెళ్లి ఆమె వెనక నిలబడ్డాడు. నన్ను తిట్టుకుంటూ, నారు ఎంత ఎడంగా పెట్టాలో చెప్పుకుంటూ మా అత్త ప్రహరీ గోడ దాకా వచ్చేసింది.

"గట్టొచ్చిందత్తా" అన్నాను.

ఆగి చూసుకుంది. మంచం ఎక్కడో దూరంగా ఉంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, నాకూ ఆగలేదు. ఇప్పుడు మళ్లీ మంచం చేరాలంటే ముందుకే నడవాలి, వేరే దారి లేదు. నా ముఖం వంక చూసి, "నీ తెలివి తగలెయ్య" అంది. నిజానికి అందులో నా తెలివేమీ లేదు. కాళ్లీడ్చుకుంటూ, మధ్యలో రెండుసార్లు ఆగి, వెళ్లి మంచం మీద కూర్చుంది.

ఫిజియోథెరపీ అమ్మాయి విని పకపకా నవ్వింది. వెనక ఒక మనిషి ఉండేటట్టయితే రోజూ అట్లాగే నడిపించమంది. ఆ తర్వాత మా వాకిట్లో రోజూ నాట్లే. వెళ్లేటప్పుడు వెనక్కి, వచ్చేటప్పుడు ముందుకు. కొన్నాళ్లకు వాకర్ పోయి కర్ర వచ్చింది.

మా మడిలో నాట్లు పడిన రోజు బళ్లో సెలవు పెట్టాను. ముఠా పొద్దున్నే దిగింది. మేం మెల్లగా నడిచి గట్టు చేరేసరికి, ఆడవాళ్లంతా వరసగా వంగి, వీపులు మావైపు పెట్టి, నారు గుచ్చుకుంటూ వెనక్కి వస్తున్నారు. మేం వచ్చిన సంగతి ఎవరికీ తెలియదు. నేను పిలవబోతే మా అత్త వద్దని చెయ్యి నొక్కింది. తర్వాత నా చెయ్యి కూడా వదిలేసి, కర్ర ఊతంతో గట్టు మీద నిటారుగా నిలబడింది. చినుకు మొదలైంది. ఆమె కదల్లేదు. అందరికన్నా దగ్గరికి వచ్చేసిన మనిషి మడమ గట్టుకు జానెడు దూరంలోకి వచ్చింది.

"ఇగ ఆగుండ్రే, గట్టొచ్చింది" అంది మా అత్త.

ఆ గొంతుకు ముఠా అంతా ఒక్కసారే నడుం ఎత్తింది.