ఉన్నది ఉన్నట్టు

ఇదొక వీరగాథ. నిజం చెప్పాలంటే, బ్యాంకు జప్తు చేసి వేలానికి పెట్టిన మారేడ్‌పల్లి ఇంటిని మా మేనత్త చూడబోయిన సంగతి, అంతే.

ఏ ఇంటికెళ్లినా ఆమె ముందు నల్లా తిప్పి, నీళ్లు నోట్లో పోసుకుని పుక్కిలిస్తుంది. పెళ్లయిన నాటి నుంచీ అద్దె ఇళ్లలో ఉప్పునీళ్లే తాగింది. సొంతింట్లో మాత్రం తాగనని పంతం.

బ్యాంకు అధికారి తాళం తీయనన్నాడు.

"ఉన్నది ఉన్నట్టు అమ్ముతం మేడం. బయటినుంచే చూస్కోండ్రి."

అత్త గుమ్మంలో చతికిలబడింది. "నేను సుత ఉన్నది ఉన్నట్టే కూసుంట బిడ్డా. నువ్వు పోయి వేలం షురూ చేస్కో."

"జెర సమజ్ చేస్కోండమ్మా, రూల్ ఉంది."

"రూల్‌కు నీళ్ల దూప కాదు. నాకైతది."

నేను కారులో ఏసీ వేసుకుని ఆమెకు నైతిక మద్దతు ఇచ్చాను.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి అధికారే ఓడిపోయి తాళం తీశాడు. అత్త నేరుగా పెరట్లోని నల్లా దగ్గరికి నడిచి, పుక్కిలించి, ఉమ్మి, పైట చెంగుతో మూతి తుడుచుకుంది.

"తియ్యగున్నయ్. ఇగ ఎవడొచ్చి పాడినా ఈ ఇల్లు నాదే."

అన్నట్టే వేలంలో ఇల్లు ఆమెకే దక్కింది. నల్లా నీళ్లు మాత్రం రోజు విడిచి రోజే వస్తాయి.