పై పన్నా, కింది పన్నా

ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు. కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీలో గుండు పప్పూ బద్దలూ వేరు చేయించే ఉద్యోగం, నాకే మూఢనమ్మకాలూ లేవని చెప్పుకు తిరిగే అలవాటు. ఆ అలవాటు మా అప్ప (అక్కని మేం అలాగే అంటాం) కూతురు చిట్టికి ఎనిమిదో నెల వచ్చేదాకా బాగానే సాగింది.

ఒక ఆదివారం పొద్దున్నే చిట్టికి ఒళ్లు కాలిపోతోంది. చొంగ కారుస్తూ, దొరికిందల్లా కొరుకుతూ ఒకటే ఏడుపు. మా అమ్మ నుదుటి మీద చెయ్యేసి, "పళ్ల జొరమే. పై పన్ను ముందు రాకపోతే సాలు, మేనమావకి గండం" అనేసి తడిగుడ్డ కోసం లోపలికి వెళ్లింది. ఆ పిల్లకి మేనమామని నేనొక్కడినే. మెల్లగా దాని నోరు తెరిపించి ఫోన్ లైటు వేశాను. పై చిగురు మీద తెల్లగా ఏదో ఉంది. పన్నే అనుకున్నాను.

"ఏటి సేత్తన్నావురా?" అంది అప్ప.

"జొరం సూత్తన్నాను" అన్నాను. (జ్వరాన్ని లైటు వేసి చూడరని ఆవిడకీ తెలుసు.)

పిల్లని ఒళ్లో పెట్టుకుని అప్ప వెనక కూర్చుంటే ఆసుపత్రికి బండి తీశాను. గండం ఉన్నవాడు ఎలా నడపాలో అలాగే నడిపాను. ఎదురుగా లారీ కనిపిస్తే చాలు, పక్కకి ఆపి కాలు కింద పెట్టేవాణ్ణి. "పిల్లకి జొరంరా, బేగి నడుపు" అని అప్ప రెండుసార్లు అంది. మూడోసారి గొంతు మారిపోయింది. "తమ్ముడా, ఇది కళ్లు తెరవట్నేదురా."

ఆ తర్వాత ఎన్ని లారీలు దాటానో నాకు తెలీదు.

డాక్టరమ్మ చెవిలో చూసి, "పళ్లకి ఇంత జ్వరం రాదు, చెవి పోటు ఇది" అని మందు రాసింది. నేను ఉండబట్టలేక పై చిగురు సంగతి అడిగాను. ఆవిడ దూదితో తుడిచి చూపించింది. మెతుకు. పప్పులో బద్దని ఆమడ దూరం నుంచి పట్టే నా కన్ను మెతుకుని పట్టలేకపోయింది. పిల్లకన్నా ముందు నా ప్రాణం గురించి భయపడ్డానని అప్పకి అర్థమైపోయింది. నాకు సిగ్గేసింది.

మూడో రోజుకి జ్వరం దిగింది. ఇంకో పది రోజులకి చిట్టి నా వేలు గట్టిగా కొరికింది. చూస్తే, నిజంగానే పై పన్ను. అమ్మ దిష్టి తీయడానికి కొబ్బరికాయ కోసం పరుగెత్తింది, నేను మాత్రం ఆ పన్నుని ఊరంతా చూపించుకు తిరిగాను.

ఇప్పుడది నాలుగో తరగతి. బండి వెనక కూర్చుని "మావా, బేగి నడుపు" అని వీపు మీద గుద్దుతుంది. నేను ఇప్పటికీ లారీ కనిపిస్తే పక్కకి ఆపేస్తాను. ఈసారి భయం నా గురించి కాదని దానికి చెప్పినా నమ్మదు, వాళ్లమ్మ కథంతా చెప్పేసింది.