మా ఆవిడ మెచ్చిన మొండిమనిషి

మొన్న ఆదివారం టీవీలో ఆయన కనబడ్డాడు. ఒకప్పుడు ఒంటిచేత్తో ముఠాలను మట్టికరిపించిన ఆ అమెరికా నటుడు, ఇప్పుడు ఏదో సినిమాలో మనవరాలి చేత బూటు తాళ్లు కట్టించుకుంటున్నాడు. పేరు రాయను; మా ఇంట్లో ఆ పేరు కావలసినదానికన్నా ఎక్కువసార్లే వినబడింది. ఆ బూటు సన్నివేశం నాకు కొంచెం నచ్చిన మాట వాస్తవం.

మన తరంవాళ్లకి గుర్తుండే ఉంటుంది, డబ్లిన్‌లో ఎటు చూసినా సాఫ్ట్‌వేర్ కంపెనీల అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. పెళ్లైన కొత్తలో ఆ ఊరి శివారున బ్లాంచర్డ్స్‌టౌన్‌లో అద్దెకు దిగాం. నేను పొద్దున్నే బస్సెక్కితే చీకటిపడ్డాకే రావడం, బయట వాన, ఇంట్లో మా ఆవిడ ఒక్కతే, అందుకని ఊసుపోతుందని వీడియో షాపు నుంచి ఆయన సినిమా తెచ్చిచ్చింది నేనే. నెల తిరక్కుండా ఆవిడ ఆయన నటజీవితం మీద డాక్టరేటు పుచ్చుకునే స్థితికి చేరింది. మొదట్లో విలన్ పక్కన నిలబడి దెబ్బలు తినే వేషాలట, తర్వాత తనే విలనట, నలభై దాటితేగాని హీరో కాలేదట. అన్నం వడ్డిస్తూ ఇవన్నీ చెబుతుంటే, నా ఆఫీసు సంగతులు ఎప్పుడైనా ఇంత శ్రద్ధగా అడిగిందా అని ఆలోచిస్తూ పప్పు కలుపుకునేవాణ్ణి.

ఆ ఏడు టీమ్ లీడ్ పదవి నాకు రావాలి. రాకపోతే ఆవిడ లెక్కలో నేనూ పక్కన నిలబడే వేషానికే మిగిలిపోతానని భయం. అందుకని ఆయన పద్ధతే పట్టాను. ఏడాది పనితీరు సమీక్షలో, ఇంకేమైనా చెప్పాలా అని మా ఐరిష్ మేనేజరు అడిగినప్పుడు, దవడ బిగించి, రెప్ప వేయకుండా చూస్తూ కూర్చున్నాను. సినిమాలో ఐతే అవతలివాడికి చెమటలు పట్టేవి. మా మేనేజరు మాత్రం నాకే కోరికలూ లేవని తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, గ్రాండ్, అంటే వాళ్ల భాషలో అంతా బాగానే ఉంది, అని లేచి వెళ్లిపోయాడు. పదవి, నోరు తెరిచి అడగడం తెలిసిన మరొకాయనకు వెళ్లింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ నవ్వు ఆపుకోలేక గరిటె కింద పెట్టేసింది.

"ఆయన చేతిలో తుపాకీ ఉంటుందండీ. మీ చేతిలో టిఫిన్ డబ్బాయే కదా."

తర్వాత జాలిపడి, ఆయనకైనా నలభై దాటాకే కదా కలిసొచ్చింది అని ఓదార్చింది. ఆయన పేరు చెప్పి నన్ను ఓదార్చడం, పగవాడికి కూడా వద్దు.

పదవులు తర్వాత వాటంతటవే వచ్చాయి, ఇల్లూ కొనుక్కున్నాం. ఇప్పుడు భోజనాలయ్యాక ఎవరి తెర వాళ్లది. సోఫాకి ఆ చివర మా ఆవిడ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవర్నో చూసి నవ్వుకుంటూ ఉంటుంది. ఎవరని అడిగితే, ఎవరో లెండి అంటుంది. ఆ రోజుల్లో కనీసం నాకు పోటీ ఎవరో, వాడు ఎవర్ని ఎందుకు కొట్టాడో, కూర వడ్డిస్తూ ఆవిడే చెప్పేది.