జీరో పవర్ అద్దాలు

మా చిన్నప్పుడు... మధురానగర్‌లో మా రెండు గదుల వాటాకి చుట్టాలొచ్చారంటే, టీ కంటే ముందు నా ప్రదర్శన ఉండాల్సిందే. అంశం: మా చెల్లి చిన్ని కళ్ళు ఆర్పే విధానం. కళాకారుడు: ఆరో తరగతి చదువుతున్న నేను.

చిన్నికి ఎనిమిదేళ్ళు. ఆ ఏడు పరీక్షలు మొదలైనప్పటి నుంచి దాని రెప్పలు టపటపా కొట్టుకునేవి... అన్నం తింటున్నా, జడ వేయించుకుంటున్నా. నేను అచ్చు అలాగే చేసి చూపించేవాణ్ణి. అందరూ పడీపడీ నవ్వేవారు. చిన్ని కూడా నవ్వేది.

ఇంట్లో ఉన్నతస్థాయి వైద్య మండలి సమావేశమైంది. అంటే అమ్మ, ఎదురు వాటా యాదమ్మ ఆంటీ.

"టీవీకి అతుక్కుపోతుంది, అందుకే" అంది అమ్మ.

"టీవీ కాదు వదినా, దిష్టి. ఎప్పుడూ ఫస్టొస్తే నలుగురి కండ్లు పడవా? జర ఉప్పు తిప్పి పడెయ్" అంది ఆంటీ.

ఉప్పు తిప్పారు. టీవీ మీద దుప్పటి కప్పారు. రెప్పలు మాత్రం మండలి తీర్మానాలను ఖాతరు చేయలేదు.

చివరికి నాన్న మమ్మల్నిద్దర్నీ వెంటబెట్టుకుని పంజాగుట్టలో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆయన లైటు వేసి చూసి, "కళ్ళు బాగున్నాయండి. పాప దేనికైనా భయపడుతోందా? బళ్ళో ఎలా ఉంటోంది?" అని అడిగారు.

"బళ్ళో ఫస్ట్ ర్యాంకండి!" అన్నారు నాన్న, ఛాతీ విరిచి.

డాక్టరుగారు "పిల్లల డాక్టరుకి కూడా ఒకసారి చూపించండి" అన్నారు. నాన్న తలూపారు. బయటికొచ్చాక, "కళ్ళు బాగున్నాయన్నారుగా, ఇంకేంటి?" అంటూ, ఎందుకైనా మంచిదని అమీర్‌పేటలో జీరో పవర్ అద్దాలు చేయించారు. గులాబీ రంగు ఫ్రేము.

అద్దాలొచ్చిన నెలకి భుజం కూడా ఎగరడం మొదలైంది. నాకేమో కొత్త ఐటమ్ దొరికింది.

ఓ ఆదివారం బాబాయి వాళ్ళొస్తే కళ్ళూ భుజమూ కలిపి చేశాను. చప్పట్లే చప్పట్లు. ఆ రోజు చిన్ని నవ్వలేదు... లేచి వెళ్ళిపోయింది. నేను మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్తే, బియ్యం డబ్బా పక్కన కూర్చుని అరచేతులతో కళ్ళు అదిమిపట్టుకుని ఉంది. భుజం మాత్రం ఎగురుతూనే ఉంది.

తిడుతుందనుకున్నాను.

"అన్నయ్యా... నువ్వు చేసి, మళ్ళీ ఆపేస్తావు కదా. ఎలా ఆపుతావు? నాకూ నేర్పవా?"

నీళ్ళు కూడా తాగకుండా వచ్చేశాను.

పెద్దయ్యాక దానికి చాలావరకు తగ్గింది. ఇలా తనంతట తానే కదిలేదాన్ని 'టిక్' అంటారని, ఆపమంటే ఆగేది కాదని, వెక్కిరిస్తే ఇంకా ఎక్కువవుతుందని డిగ్రీలో నేను చదువుకున్నాను... ఎంత త్వరగానో చూడండి! ఇప్పుడైతే పంజాగుట్ట నుంచి బంజారాహిల్స్ దాకా పిల్లల మనసు చూసే డాక్టర్ల బోర్డులే. మా లిఫ్టులో కనిపించే పాప అస్తమానం ముక్కు ఎగబీలుస్తుంది. "ఒకసారి డాక్టరుకి చూపించండి ఆంటీ" అన్నాను మొన్న, వెంట ఉన్న వాళ్ళ నాయనమ్మతో. "అలవాటు నాన్నా, రెండు తగిలిస్తే అదే పోతుంది" అందావిడ. పాప ఊపిరి బిగబట్టుకుని నిలబడింది. తలుపు తెరుచుకుంది, వెళ్ళిపోయారు.

మీ ఇళ్ళల్లోనూ అలా ఆపుకోలేని పిల్లలు ఉండే ఉంటారు. ఎలా ఆపాలని మిమ్మల్నెప్పుడైనా అడిగారా? మీరేం చెప్పారో కింద రాయండి... చిన్నికి నేనింకా జవాబు చెప్పలేదు.