గుర్రం ముందర ఉరికినోడు

బుచ్చిరాములుకు గుర్రమంటే వీపు వెనక డెక్కల చప్పుడు. పోలీసు యాక్షన్ దాకా పన్నెండేళ్లు దొర గుర్రానికి ముందర వెట్టికి ఉరికాడు. జనాన్ని దారి తప్పుకోమని కేకెయ్యాలి, చప్పుడు దగ్గరపడితే ఇంకా గట్టిగా ఉరకాలి. అంతే అతని కొలువు.

అలాంటివాడు 1957లో కూతురికి సవారీ నేర్పించడానికి బయలుదేరాడు. తొమ్మిదేళ్ల పోశవ్వకు చిన్నప్పుడు జ్వరమొచ్చి ఎడమకాలు సన్నబడింది. ఊళ్లో చదువు నాలుగో తరగతితో ఆఖరు. ఆపై బడి మెట్‌పల్లిలో, మూడు మైళ్లు. అంత దూరం పిల్ల నడవలేదు. చెన్నూరులో ఉండే పిల్ల మేనమామ పొట్టి గుర్రం ఒకటి ఇస్తానన్నాడు. ఊరంతా నవ్వింది. నవ్వుకి అతను భయపడలేదు. పిల్ల పడితే ఎట్లా అన్నదే అతని భయం.

మొదట జగిత్యాలలో సవారీ నేర్పడంలో పేరున్న జమేదారు దగ్గరికి తీసుకెళ్లాడు. మెరిసే జీను, కాళ్లు పెట్టుకోవడానికి ఇత్తడి రికాబులు. జమేదారు పోశవ్వను ఎక్కించి, సన్నకాలిని రికాబుకు రుమాలుతో బిగించాడు.

"గిట్ల కడితే పడనే పడది. ఫికర్ చెయ్యకు."

బుచ్చిరాములు వంగి ముడి విప్పేశాడు.

"ఏందిరా, ఉరికెటోడివి, నాకు నేర్పుతున్నవా?"

"లే సాబ్. రికాబుల కాలిరికినోన్ని గుర్రం గుంజుకపోతుంటే ఎనక్కి మల్లి చూసినోన్ని నేనే. నా బిడ్డ పడితే పడనీ, ఇరుకద్దు."

తర్వాత మెట్‌పల్లి వాగు ఒడ్డున హనుమండ్లును కలిశాడు. ఒకప్పుడు ఒక దొర గడిలో గుర్రాలకు మాలీసు చేసినవాడు. ఇప్పుడు ముసలి గుర్రం ఒకటి పెట్టుకుని షావుకార్ల పిల్లలకు నేర్పుతున్నాడు. జీను లేదు, మడతేసిన గొంగడే.

"నీ దగ్గర ఎంతమంది పిల్లలు పడ్డరు?"

"అందరు పడ్డరు."

"ఎంతమందికి ఇరిగినయ్?"

"ఒక్కనికి, మణికట్టు. తప్పు నాదే. జోరీగల కాలంల చెట్ల కిందికి తోలుకపోయిన, గుర్రం బెదిరింది."

ఆ ఒక్క జవాబుతో బుచ్చిరాములు చెప్పులు విడిచి ఇసుకలో కూర్చున్నాడు.

వారం రోజులు హనుమండ్లు స్వారీ ఊసే ఎత్తలేదు. గుర్రం మీద కూర్చోబెట్టడం, "దుంకు" అనడం. ఇటు, అటు. పోశవ్వ నోట్లో ఇసుక ఉమ్మేస్తూ నవ్వేది.

"గిదేం చదువే, పడుడు?" అన్నాడు బుచ్చిరాములు.

"పడుడంటె బుగులు పోవాలె గదనే. నడుముల పట్టున్నది పిల్లకు. కాలు ముచ్చట ఇడిచిపెట్టు."

నెల తిరిగేసరికి చెన్నూరు గుర్రం వచ్చింది. పలక సంచి భుజానికేసుకుని పోశవ్వ బడిబాట పట్టింది. గుర్రం అడుగేసిందో లేదో, బుచ్చిరాములు తువ్వాల నడుముకు చుట్టి ముందర ఉరకడం మొదలుపెట్టాడు. "తొవ్వ ఇడువుండ్రి! తొవ్వ!"

"ఎవ్వడు పిలిచిండే నిన్ను వెట్టికి?" సాగనంపడానికి వచ్చిన హనుమండ్లు పకపకా నవ్వాడు.

"బాపూ, జర పక్కకు జరుగు," అంది పోశవ్వ. "నాకు తొవ్వ కనవడుతలే."

బుచ్చిరాములు ఆగాడు. పక్కకు జరిగాడు. డెక్కల చప్పుడు అతన్ని దాటి, మొదటిసారి, ముందుకు వెళ్లిపోయింది.